హోల్డాలు చెప్పిన ఢిల్లీ ప్రయాణం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక క్వార్టరు. ఆ ఇంటి అటక మీద, పాడైన కూలర్ మోటారుకీ విరిగిన క్యారమ్ బోర్డుకీ మధ్య పడి ఉన్న హోల్డాలు తన కథ తానే చెబుతోంది. "నేను" అనుకోవడం దానికి అలవాటు లేదు. ప్లాట్‌ఫారం మీద సామాను లెక్కపెట్టేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఎలా పిలిచేవారో అలాగే తనను "ఈ హోల్డాలు" అనే చెప్పుకుంటుంది.

పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మందపాటి ఖాకీ కాన్వాసు, రెండు తోలు పట్టీలు, ఇత్తడి బకిల్స్, తల వైపు ఒక జేబు, కాళ్ళ వైపు ఒక జేబు. బుధవారీ బజారులో ఒక గూడ్స్ గార్డుగారు బేరమాడి కొన్నారు.

ఆయనది విజయనగరం పక్క పల్లె. అంత దూరం నుంచి ఇక్కడికెలా వచ్చారని ఈ తరం పిల్లలు అడుగుతుంటారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో, 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయింది. అప్పట్నుంచి ఉత్తరాంధ్రకు ఛత్తీస్‌గఢ్ దగ్గరైంది. స్వాతంత్ర్యం తర్వాత వాల్తేరు, ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ అన్నీ ఆగ్నేయ రైల్వే కిందికే వచ్చాయి. బదిలీ ఆర్డరు వస్తే సామాను కట్టుకుని బండెక్కడమే. బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది 2003లో. అప్పటికి ఇక్కడి కాలనీలో తెలుగు కుటుంబాలు పాతబడిపోయాయి.

1978 ఫిబ్రవరిలో ఆ ఇంట్లో ఢిల్లీ ప్రయాణం పెట్టుకున్నారు. అంతకుముందు డిసెంబరులోనే వర్గభేదం లేని రైలని పేరుపడ్డ గీతాంజలి ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగా హౌరా-బొంబాయి మధ్య మొదలై ఊరంతా దాని మాటే. గార్డుగారి మనసు మాత్రం ఢిల్లీ మీదే. టైమ్‌టేబుల్ పుస్తకం బల్ల మీదకి వచ్చింది. డిసెంబరు, జనవరిల్లో అయితే పొగమంచుకి బళ్ళు గంటల తరబడి ఆలస్యమౌతాయి, మే నెలలో అయితే ఎండ నిలవనివ్వదు. ఫిబ్రవరి ఖాయమైంది. పాసు మీద దారిలో దిగి ఆగొచ్చు కాబట్టి ఆగ్రాలో ఒక పూట.

అసలు పని అమ్మగారిది. ఊరుకాని ఊళ్ళో, అందునా ఢిల్లీలో, నలిగిన చీరతో తిరగడం ఆవిడకి బొత్తిగా గిట్టదు.

"ఏమండీ, పోచంపల్లి చీర ట్రంకులో పెట్టకండి. మడత పడిపోతుంది."

"సరే, నా కోటు కూడా నువ్వే సర్దు. నాకు చేతకాదు."

ఆవిడ సర్దిన తీరు ఈ హోల్డాలుకు ఇంకా గుర్తే. ముందు పాత దుప్పటి పరిచారు. దాని మీద కోటు బోర్లా వేసి, చేతులు తిన్నగా చాపి, పైన న్యూస్‌పేపరు కప్పారు. చీరను పొడుగ్గా రెండే మడతలు వేసి పరిచారు. ఆ పైన పల్చటి బొంత, దుప్పటి, దిండు. తల జేబులో సబ్బుపెట్టె, దువ్వెన, బూటు పాలిష్ డబ్బా. కాళ్ళ జేబులో చెప్పులు. కాళ్ళ వైపు నుంచి చుట్టి, మోకాలితో అదిమి పట్టీలు బిగించారు. మూడో రంధ్రం దగ్గర ఆపితే చుట్ట వదులై లోపల బట్టలు జారతాయి. ఐదో దానికి లాగితే కోటు కాలరు విరుగుతుంది. నాలుగోదే సరైన బిగువు. ఆ నాలుగో రంధ్రం సాగిపోయిన గుర్తు పట్టీ మీద ఇప్పటికీ ఉంది.

భన్వర్‌టోంక్ ఘాట్ దాటి, కట్నీ మీదుగా సాగిన ఆ ప్రయాణమంతా చెక్క బెర్తు మీద ఈ హోల్డాలే పరుపు. ఢిల్లీలో విప్పితే చీరకి ముడత లేదు, కోటుకి ఇస్త్రీ అక్కర్లేదు. ఈ హోల్డాలు తన జీవితంలో దేనికైనా గర్వపడితే ఆ ఉదయానికే.

ఊరు మాత్రం చూడలేదు. స్టేషన్ రిటైరింగ్ రూములో మంచం మీద పడి, రాత్రి వాళ్ళు చెప్పుకున్న కబుర్లే విన్నది. రాబర్ట్ టోర్ రస్సెల్ గీసిన ప్లానుతో 1933కల్లా పూర్తయిన కన్నాట్ ప్లేస్, ఆ తెల్లటి స్తంభాల వరండాల్లో అమ్మగారి షికారు, 1926 నాటి వెంగర్స్‌లో పేస్ట్రీ, రీగల్‌లో సినిమా. మర్నాడు చాణక్యపురిలో రైల్ మ్యూజియం. అది తెరిచి అప్పటికి ఏడాదే. అక్కడ గార్డుగారు కదలకుండా నిలబడిపోయారట. ఎదురుగా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి గ్యారట్ ఇంజను, నంబరు 815. మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్ కంపెనీ చేసింది. ముందూ వెనకా కలిపి పదహారు చోదక చక్రాలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి ఇంజన్ల వెనకే బ్రేక్‌వ్యాన్‌లో లాంతరు పట్టుకుని రాత్రుళ్ళు గడిపిన మనిషి ఆయన. "మనవాడే, ఇక్కడున్నాడు" అన్నారట, చుట్టం కనబడ్డట్టు.

ఆ తర్వాత రోజులు మారాయి. అప్పటి రైల్వే మంత్రి మధు దండవతే రెండో తరగతి చెక్క బెర్తుల మీద రెండంగుళాల ఫోమ్ వేయించడం మొదలుపెట్టారు. పేదవాడి వీపుకి అది గొప్ప మేలు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఇంటి నుంచి పరుపు మోసుకెళ్ళే పని పోయింది. ఏసీ పెట్టెల్లో దుప్పటి, దిండు రైల్వేవాళ్ళే ఇస్తారు. చక్రాల సూట్‌కేసులొచ్చాక కూలీల అవసరమూ తగ్గింది.

పనిలేకపోవడం బాధ కాదు. తర్వాత జరిగిందే బాధ. ఒక వేసవిలో ఈ హోల్డాలుని కూలర్ కింద నీళ్ళు కారే చోట పరిచారు. కాన్వాసు నాని, బూజు పట్టింది. ఒక పట్టీ కోసి గ్యాస్ సిలిండరు కదలకుండా కట్టారు. ఆ తోలు మీద ఏళ్ళ తరబడి అమ్మగారి చేతి నూనె ఉంది, కోసినవాళ్ళు ఒక్కసారి తడిమి చూడనైనా లేదు. తల జేబుని ఎలుకలు కొరికాయి. వీధి కుక్క ఈనితే పిల్లలకి పక్కగా వేశారు. ఆ ఒక్క పని మాత్రం ఇష్టంగానే చేసింది, నాలుగు ప్రాణాలకి వెచ్చదనమిచ్చింది కదా. గార్డుగారు పోయాక దులిపి అటకెక్కించారు. పారేద్దామంటే అమ్మగారు ఒప్పుకోలేదు.

మొన్న కింద గదిలో మనవరాలు ఢిల్లీ ప్లాను వేస్తోంది. తండ్రి పేరున ఉన్న పాసు ఫోన్‌లోనే వచ్చేసింది. కన్నాట్ ప్లేస్ దగ్గర హోటలు, లోధీ కాలనీ గోడల మీది బొమ్మలు, ఖాన్ మార్కెట్‌లో కాఫీ, సోమవారం రైల్ మ్యూజియం.

"సోమవారం మ్యూజియానికి సెలవు తల్లీ. మంగళవారానికి మార్చు. నిజాముద్దీన్‌లో దిగు, హుమాయూన్ సమాధి పక్కనే."

"అక్కడ పింక్ లైన్ ఎక్కి, లాజ్‌పత్ నగర్‌లో వయొలెట్ లైన్‌కి మారితే జన్‌పథ్ వచ్చేస్తుంది మామ్మా. మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో భోజనం."

చక్కటి ప్లాను. తక్కువ చోట్లు, దగ్గర దగ్గర చోట్లు. తాతగారు వేసినా అలాగే వేసేవారు. ఒక్కటే బాధ. పట్టుచీరని నాలుగు మడతలు వేసి ట్రాలీ బ్యాగులో జీన్స్ కింద కుక్కింది. హోటల్లో ఇస్త్రీ చేసుకుంటుందట.

ఇది చదివేవారి అటక మీద ఇలాంటి హోల్డాలు ఉంటే ఒకసారి కిందికి దించండి. రెండు రోజులు ఎండలో వేయండి, పట్టీలకి కాస్త కొబ్బరినూనె రాయండి, బకిల్స్‌ని చింతపండుతో తోమండి. ఈసారి ఊరికెళ్ళేటప్పుడు మంచి చీర దాంట్లో పరిచి, నాలుగో రంధ్రానికి బిగించండి.