గుండు గుడ్డయిన వైనం

పెనుకొండ కోట కొండ మీద ఆదివారం పూట డైనోసార్లు గుడ్లు పెడతాయి. మిగతా రోజుల్లో అవి మామూలు గుండ్లే. మేకలు ఎక్కుతాయి, కోతులు కూర్చుంటాయి, ఎవరూ పట్టించుకోరు. సెలవురోజున బెంగళూరు నుంచి ట్రెక్కింగ్ బూట్లు దిగేసరికి మాత్రం ప్రతి గుండుకూ ప్రాణమొస్తుంది. కాస్త కోలగా, నున్నగా, పైపొర ఊడి కనిపిస్తే చాలు, ఫోన్ బయటికొచ్చి "ఫ్రెండ్స్, ఇది చూడండి" అని మొదలవుతుంది. మధ్యాహ్నానికి హిందూపురంలో, సాయంత్రానికి ధర్మవరంలో వాట్సాప్ గ్రూపులన్నీ ఆ గుడ్డు మీద పొదుగుతుంటాయి.

నా బాధ గుండుకు జరిగిన అవమానం గురించి. ఈ కొండల్లోని గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మొదటి డైనోసార్ పుట్టి దాదాపు 23 కోట్ల ఏళ్లే అయింది. అంటే పదింతలు పెద్దదాన్ని పట్టుకుని నువ్వు దాని గుడ్డువి అంటున్నాం. ఉద్యోగం కోసం సర్టిఫికెట్లో పుట్టిన తేదీ దిద్దించుకున్నట్టు, పాతదనం మీద మోజున్న ఈ పెద్దమనుషులే రాయికి వయసు తగ్గించి రాయిస్తున్నారు. రాయికి నోరుంటే కోర్టుకెక్కేది.

శిలాజం తయారు కావాలంటే చచ్చినదాని మీద బురదో ఇసుకో సున్నపు మడ్డో త్వరగా పేరుకోవాలి. ఇక్కడి రాయి భూమిలోపల కిలోమీటర్ల లోతున కరిగి, నిదానంగా చల్లారి గట్టిపడింది. ఆ కొలిమిలో ఎముక కాదు గదా, ఎముక ఆనవాలు కూడా మిగలదు. అసలు అప్పటికి ఎముకలున్న ప్రాణే పుట్టలేదు.

"మరి గుండ్రంగా ఎందుకుంది సార్?" అని అడుగుతారు, ఏదో పట్టుకున్నట్టు. గ్రానైటు ముందు పెట్టెల్లా అడ్డంగా నిలువుగా చీలుతుంది. చీలికల్లో నీళ్లు దిగి రాతిలోని ఫెల్డ్‌స్పార్‌ను మట్టిగా మారుస్తాయి. మూలకు మూడు వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది, అంచుకు రెండు వైపుల నుంచి, ముఖానికి ఒక్క వైపు నుంచే. కాబట్టి ముందు మూలలు పోతాయి. చివరికి మిగిలేది గుండు, దాని మీద ఊడే పొరలు. గుడ్డు పెంకు అని జూమ్ చేసి చూపించేది ఆ పొరనే.

గుడ్డుతో ఆగితే బాగుండు. బండలో తెల్లటి పలుగురాతి చార కనిపిస్తే వెన్నెముక, నల్లటి మచ్చ కనిపిస్తే చేప, పెద్ద ఫెల్డ్‌స్పార్ పలుకులు వరసగా ఉంటే పళ్లు. చేలల్లో కొమ్మలు కొమ్మలుగా దొరికే సున్నపు గడ్డలైతే వేళ్ల ఎముకలే. పైగా నిమ్మకాయ పిండి పొంగు చూపించి, ప్రయోగశాల పరీక్ష అయిపోయిందంటారు. సున్నం మీద పులుపు పడితే పొంగకేం చేస్తుంది? మన తాతలు ఆ గడ్డల్నే కాల్చి గోడలకు సున్నం కొట్టారు. నాపరాయి మీద చెట్టుకొమ్మల్లా కనిపించే నల్లటి గీతలది ఇంకో కథ. అవి ఆకులు కావు, సందుల్లో పాకిన నీరు వదిలిన మాంగనీసు మరకలు. వాటిని శిలాజాలంటే రాయలసీమలో సగం ఇళ్లలో జనం అడవి మీద చాప వేసుకుని పడుకుంటున్నట్టే.

ఈమధ్య నాలుక పరీక్ష కూడా వచ్చింది. ఎముక శిలాజం నాలుకకు కాస్త అతుక్కునే మాట నిజమే, అందులో సన్నటి రంధ్రాలుంటాయి గనక. కానీ పెనుకొండ కొండంతా నాకినా తగిలేది ఉప్పే, అదీ ముందెక్కినవాడి చెమటది.

లేపాక్షిలో బండ మీదున్న సీతమ్మ పాదం జోలికి మాత్రం నేను పోను. అక్కడ దండం పెట్టేవాళ్లు శిలాజమని సర్టిఫికెట్ అడగరు.

పొరపాటు పడటం పెద్ద శాస్త్రవేత్తలకూ తప్పలేదు. 2021లో మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహ కప్పు మీద 55 కోట్ల ఏళ్లనాటి డికిన్సోనియా అనే జీవి శిలాజం దొరికిందని ఓ శాస్త్ర పత్రిక అచ్చేసింది. ఇంకో బృందం వెళ్లి చూస్తే అది ఊడిపోతున్న తేనెపట్టు మరక! రాసినాయనే తప్పు ఒప్పుకున్నాడు. మన గ్రూపుల్లో మాత్రం తప్పు అన్నవాణ్ణే తీసేస్తారు. 2020లో తమిళనాడులోని పెరంబలూరు జిల్లాలో డైనోసార్ గుడ్లని పుకారు లేచింది. అవి అమ్మోనైట్లనే సముద్రపు గవ్వజీవుల చుట్టూ గట్టిపడిన మట్టి గుండ్లని తేలింది. అక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది కాబట్టి ఆ జనానికి కొంత సాకుంది. పెనుకొండకు ఆ సాకు కూడా లేదు.

నిజమైన శిలాజం చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ధర్మవరం దాటి చిత్రావతి వెంబడి పార్నపల్లె వైపు పోతే గ్రానైటు అయిపోయి వేంపల్లె డోలమైటు మొదలవుతుంది. అందులో ఉల్లిగడ్డ కోసినట్టు పొర మీద పొర, గోపురం పక్కన గోపురం ఉంటాయి. అవే స్ట్రోమటోలైట్లు. సుమారు 190 కోట్ల ఏళ్ల కింద లోతులేని సముద్రంలో కంటికి కనపడని జీవాలు జిగురు చాపల్లా పరుచుకుని, బురదను పట్టి ఒక్కో పొరా కట్టుకుంటూ పోయిన గుర్తులు. కానీ వాటికి కోరలు లేవు, తోక లేదు. వీడియో తీస్తే ఎవరు చూస్తారు?

డైనోసార్ కాలం నాటిదే కావాలని పట్టుబట్టేవారికి ఇంకా దగ్గరి దారుంది. గండకీ నదిలో దొరికే చక్రం ఉన్న సాలగ్రామం అమ్మోనైట్ శిలాజమే. డైనోసార్లు తిరిగిన రోజుల్లో సముద్రంలో ఈది, వాటితోపాటే అంతరించిన జీవి గవ్వ అది. బజారులో చెక్కి అమ్మేవి కాక తాతల నాటిది ఇంట్లో ఉంటే, మనవాడు పొద్దున్నే దానికి అభిషేకం చేసి, తీర్థం పుచ్చుకుని, బూట్లు కట్టుకుని శిలాజం వెతకడానికి కొండెక్కుతున్నాడన్నమాట.