పిస్తోలుకు కిటికీలు

స్లైడుకు కిటికీలు కోయించని పిస్తోలును బయటకు తీయడానికి అమెరికాలో ఇక మొహమాటపడవలసిన రోజులు వచ్చాయి. స్లైడు అంటే పిస్తోలు పైభాగాన ఉండే ఉక్కు దిమ్మె; తూటా పేలిన ప్రతిసారీ అది వెనక్కు జారి ఖాళీ తొడుగును బయటకు విసురుతుంది, స్ప్రింగు తోయగా ముందుకు వస్తూ కొత్త తూటాను లోపలికి నెడుతుంది. ఆ దిమ్మెకు యంత్రంతో చిల్లులు తొలిపించి, లోపలి బ్యారెల్‌కు టైటానియం నైట్రైడ్ అనే పసిడి రంగు పూత వేయించి, ఆ మెరుపు చిల్లుల్లోంచి నలుగురికీ కనబడేలా చేయడాన్ని ఇప్పుడు ఆధునికీకరణ అంటున్నారు. ఇనుప సామాన్ల దుకాణంలో డ్రిల్లు బిట్లకు బంగారు రంగు తెచ్చేదీ ఆ పూతే అయినా, దాన్ని చూసి మురిసిపోయిన వడ్రంగి ఇంతవరకు కనబడలేదు.

ఈ చిల్లులు ఎక్కువగా పడుతున్నది గ్లాక్ పిస్తోళ్ల మీద. వాటిని రూపొందించిన ఆస్ట్రియా దేశస్థుడు గాస్టన్ గ్లాక్ తుపాకుల జోలికి రాకముందు కర్టెన్ కడ్డీలు తయారుచేసేవాడు. ఆయన గ్లాక్ 17ను ఆస్ట్రియా సైన్యం 1982లో స్వీకరించింది. బురదలోనూ మంచులోనూ తిరిగే సైనికుడి కోసం చేసినది కాబట్టి దాని పైభాగం మూసిన ఇటుకలా ఉంటుంది. కడ్డీలు అమ్మి బతికిన మనిషి కిటికీ సంగతి ఎలా మరచిపోయాడో తెలియదు గానీ, ఆ లోటును నలభై ఏళ్ల తరువాత పూడ్చే భారాన్ని విడిభాగాల వర్తకులు నెత్తిన వేసుకున్నారు.

పోనీ, కిటికీ పెట్టాక గాలి ఒక్కటే వస్తుందా? దుమ్మూ చెమ్మా కూడా వస్తాయి. స్లైడు బరువు తగ్గేసరికి అది మునుపటికంటే వేగంగా వెనక్కు కొడుతుంది. ఆ వేగానికి తగ్గట్టు రీకాయిల్ స్ప్రింగు, అంటే స్లైడును మళ్లీ ముందుకు తోసే స్ప్రింగు, మార్చవలసి వస్తుంది. అది మార్చాక మ్యాగజైను కింది నుంచి తూటాను పైకి అందించే వేగానికీ స్లైడు తిరిగివచ్చే వేగానికీ పొత్తు కుదరక తూటా మధ్యలో ఇరుక్కుంటే, దానికీ ఒక కొత్త భాగం అమ్మకానికి సిద్ధంగా ఉంటుంది. ఇంతలో అదే యజమాని స్ప్రింగు లోపల ఉండే ప్లాస్టిక్ కడ్డీని తీసేసి, ఉక్కుకంటే దాదాపు రెండున్నర రెట్లు సాంద్రమైన టంగ్‌స్టన్ కడ్డీని వేయిస్తాడు. ఎందుకయ్యా అంటే, పిస్తోలు మరీ తేలికైపోయి ఎగిరిపడుతోందట. పైన డబ్బిచ్చి తీయించిన బరువును కింద మళ్లీ డబ్బిచ్చి కొనడమన్నమాట. కదిలే బరువు వేరు, కదలని బరువు వేరు అని నిపుణులు వివరిస్తారు, అందులో నిజమూ ఉంది; కాకపోతే ఆ రెండు బరువులనూ సరిచూసి పంపిన వస్తువు మొదట పెట్టెలోనే ఉంది.

వంపులేని ట్రిగ్గరు, రంగురంగుల మరలు, మ్యాగజైను దూర్చే చోట గరాటు — వీటికి ఒక్క వాక్యం చాలు.

ట్రిగ్గరు లోపలి భాగాల విషయంలో మాత్రం నవ్వడం కుదరదు. కార్ఖానా నుంచి వచ్చిన గ్లాక్ ట్రిగ్గరును లాగడానికి సుమారు 5.5 పౌండ్లు, అంటే రెండున్నర కిలోల బలం కావాలి. కంగారులో వేలు తగిలి పేలిపోకూడదని న్యూయార్క్ పోలీసు శాఖ దశాబ్దాల పాటు దాన్ని 12 పౌండ్లకు పెంచి మరీ తన సిబ్బందికి ఇచ్చింది. కార్ఖానా ట్రిగ్గరు బలాన్నే మూడున్నర పౌండ్లకు దించే కిట్లను ‘డ్రాప్-ఇన్’ అని, అంటే అరగదీయడం, సరిచూడడం లేకుండా పెట్టేసి మూసేయవచ్చునని అమ్ముతున్నారు. చేయిజారి పడినా తూటాను పేల్చే పిన్ను ముందుకు దూకకుండా ఆపే భద్రతా ఏర్పాటు స్ప్రింగును కూడా కొన్ని కిట్లు పలచన చేస్తాయి. పిన్ను వెనకున్న స్ప్రింగును పలచన చేస్తే, తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమరుకు దెబ్బ చాలక, ప్రాణం మీదికి వచ్చిన వేళ పిస్తోలు టక్కుమని ఊరుకోవచ్చు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడడం ఇదే. ఇది బొమ్మ కాదు, నడుముకు కట్టుకుని అంగడికి, పిల్లల బడి దగ్గరికి తీసుకెళ్లే ఆయుధం. పొరపాటున పేలితే, అమెరికా ఇళ్లలో గదికీ గదికీ మధ్య అడ్డుగా ఉండేది చాలాచోట్ల జిప్సం పలక, దాన్ని దాటడం 9 మిల్లీమీటర్ల తూటాకు లెక్కలోది కాదు. గోడ అవతల నిద్రపోతున్నవాడు ఏ కిట్టూ కొనలేదు. రాత్రి వంటగది బల్ల మీద, వీడియో చూస్తూ, ఒక చేత్తో సుత్తీ మరో చేత్తో పంచూ పట్టుకుని భద్రతా యంత్రాంగాన్ని విప్పేవాడికి సొంత వేలి మీద ఎంత నమ్మకమైనా ఉండవచ్చు. ఆ నమ్మకానికి పక్కింటివాడిని హామీగా పెట్టే హక్కు అతనికి ఎవరిచ్చారు?

పోటీల్లో కాల్చేవారు ఇవన్నీ వాడతారని ఒక వాదం ఉంది. వారు ఏటా వేల తూటాలు కాల్చి, ఏ మార్పు ఏం చేసిందో గడియారంతో కొలుచుకుంటారు. వారిని చూసి ఏడు గజాల దూరంలో కాగితాన్ని కూడా సరిగా తాకలేనివాడు కిట్టు తెప్పించుకోవడం పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే. ప్లాస్టిక్ గురిచూపుల స్థానంలో చీకట్లో వెలిగే ట్రైటియం గురిచూపులు పెట్టుకోవడం, అచ్చంగా సీసపు తూటాలే కాల్చేవారు అందుకు తగిన గాళ్లున్న బ్యారెల్ కొనుక్కోవడం వేరే సంగతి. అక్కడ అవసరం ముందు పుట్టింది, సరుకు తరువాత వచ్చింది. హెచ్-1బి వీసా మీద ఉన్న తెలుగువారికి మాత్రం, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్పితే, ఈ ఖర్చును అమెరికా చట్టమే తప్పించింది. ఆ మినహాయింపు లేనిదే వారికి తుపాకీ కొనే వీలు లేదు.

తూటా పావు డాలరు చొప్పున లెక్కేసినా రెండు వందల డాలర్ల బ్యారెల్ ఎనిమిది వందల తూటాల సాధనతో సమానం. ఆ సాధన చేయకుండా కిటికీలు కోయించినవాడు విసిగి పిస్తోలును అమ్మకానికి పెట్టిన రోజున, కొనడానికి వచ్చినవాడు మొదట అడిగేది కార్ఖానా భాగాలు దాచిన ప్లాస్టిక్ సంచి ఉందా అనే.