మాది గీ ఊరే

అంతర్జాతీయ వృత్తి సంబంధాలు విదేశంలో పనిచేసే యువ ఇంజినీరుకు జీతం తర్వాత అత్యంత ముఖ్యమైన ఆస్తి. వాడుకలో వీటిని నెట్‌వర్క్ అంటారు. ఖిలా వరంగల్‌లో ఈ మాటకు రెండర్థాలు. రాతికోట గోడ చాటున ఫోనుకు అందనిది ఒకటి, కోటలో పుట్టిన పిల్లవాడికి డాలస్‌లో అందేది రెండోది. సంబంధాలు అన్న మాటతో వేరే చిక్కు ఉంది. కొడుకు అమెరికాలో సంబంధాలు పెంచుకుంటున్నాడని ఎవరైనా చెబితే ఇంట్లో ముందు కంగారు పడతారు, ఆ తర్వాత పిల్లది ఏ ఊరని అడుగుతారు. అందుకే ఈ శాస్త్రంలో కనెక్షన్ అన్న మాట స్థిరపడింది. కరెంటు కనెక్షన్‌కూ గ్యాస్ కనెక్షన్‌కూ డిపాజిట్ కట్టాలి. ఈ మూడో రకానికి అక్కర్లేదు కాబట్టి ఒక్కొక్కరికి వందల్లో ఉంటాయి.

ఈ విద్య వరంగల్లుకు కొత్త కాదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం సముద్రం మీద వచ్చే పరదేశి వర్తకులకు అభయమిస్తుంది. గాలివానకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సొత్తును మునుపటి రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టనని రాజు అందులో మాట ఇచ్చాడు. రాతి మీద చెక్కించాడు కనుక మర్నాడు వివరణ ఇవ్వాల్సిన పని పడలేదు. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. అది ఒక్కసారి కట్టేదేననీ, ఇప్పటికే వీసా ఉన్నవారికి వర్తించదనీ వివరణ మర్నాడు వచ్చింది. నడుమ ఉన్న ఒక్క రాత్రిలో, సెలవు మీద స్వదేశం వచ్చినవారు టిక్కెట్లు మార్చుకుని విమానాశ్రయాలకు పరుగెత్తారు. ఆదేశం అమల్లోకి వచ్చిన 21వ తేదీనే ఎంగిలిపూల బతుకమ్మ. పండుగకని వచ్చినవాడు తంగేడుపూలు తెంపి తెచ్చి, అమ్మ బతుకమ్మ పేర్చేలోగా శంషాబాద్ చేరుకోవాల్సి రావడం ఈ వృత్తిలోని ప్రత్యేక సౌకర్యాల్లో ఒకటి.

వరంగల్ నుంచి బయటికెళ్లి పైకొచ్చిన వృత్తినిపుణుల్లో అందరికంటే ఎత్తుకు ఎదిగినవాడు తన ఇష్టంతో వెళ్లినవాడు కాదు. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ సేన కోటను పట్టుకుని కాకతి రాజు ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తరలించినప్పుడు వెంట ఒక సేనాని ఉన్నాడు. రాజు దారిలోనే కన్నుమూశాడు. సేనాని ఢిల్లీ చేరి, మతం మార్చుకుని, మక్బూల్ అయ్యాడు. తెలుగు కవి మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన నాగయ గన్నన ఇతడేనని చరిత్రకారులు చెబుతారు. ఢిల్లీ చరిత్ర రాసిన షమ్స్-ఇ-సిరాజ్ అఫీఫ్ మాత్రం ఇతడికి చదవడం, రాయడం రాదన్నాడు. రెండూ నిజమే అయితే, తెలుగులో కావ్యం అంకితం పుచ్చుకున్న మనిషి పారసీక దర్బారులో నిశాని అయ్యాడన్నమాట. సరిహద్దు దాటితే పట్టాలు చెల్లకపోవడం అప్పటి నుంచే ఉంది. కొన్నాళ్లకు సుల్తాను అతణ్ణి వరంగల్లుకే అధికారిగా పంపాడు. ఆన్‌సైట్ వెళ్లినవాడు మేనేజరై సొంత ఊరి ఆఫీసుకు దిగాడు. ఊరు ఊరుకోలేదు. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు తిరగబడితే అతడు కోట విడిచి మళ్లీ ఢిల్లీ బాట పట్టాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలానికి వజీరై, ఖాన్-ఇ-జహాన్ బిరుదు పొంది, సుల్తాను పేరు మీద తానే రాజ్యం నడిపాడు. పోయాక ఆ ఉద్యోగం కొడుకు జౌనా షాకు దక్కింది. రెఫరల్ పద్ధతికి ఇంతకంటే తేటైన పూర్వరూపం దొరకదు. పేరు, మతం, మాట అన్నీ మారినా ఢిల్లీ అతణ్ణి తిలంగాణీ అనే పిలిచింది. నిజాముద్దీన్ పేటలో అతడి ఎనిమిది పలకల సమాధికి ఇప్పటికీ అదే పేరు.

ఆధునిక యుగం 1959 అక్టోబరు 10న మొదలవుతుంది. ఆ రోజు నెహ్రూ వరంగల్‌లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు శంకుస్థాపన చేశాడు. దేశంలో ఆ వరుసలో మొదటిది అదే. 2002లో ఎన్‌ఐటీ అయింది. సీట్లలో సగం సొంత రాష్ట్రానికి, సగం ఇతర రాష్ట్రాలకు అన్న నియమం వల్ల జనగామ కుర్రాడి పక్క మంచం మీద బీహార్ కుర్రాడు నిద్రపోయేవాడు. నెట్‌వర్క్ అన్న మాట ఎవరి నోటా లేని రోజుల్లోనే అక్కడ నెట్‌వర్క్ ఉంది. ఒకే బకెట్టును వంతులవారీగా వాడుకోవడం దాని ప్రోటోకాల్. నాలుగేళ్లు దేశమంతటితో కలిసి తిన్నవాడు పరదేశంలో దిగగానే తెలుగు మాట ఎక్కడ వినబడుతుందా అని చెవులు రిక్కించడం మాత్రం ఏ పాఠ్యప్రణాళికా ఊహించలేదు. ఆ గేటు అందనివారి కోసం తర్వాత నగరం చుట్టూ ప్రైవేటు కాలేజీలు మొలిచాయి. వాటిలో చదివినవారికి తెలుగు మాట వెతుక్కునే శ్రమ కూడా లేదు, బ్యాచికి బ్యాచే కలిసి వెళుతుంది.

నెట్‌వర్క్ నిర్మాణం విమానం ఎక్కకముందే వాట్సాప్‌లో మొదలవుతుంది. రూమ్మేటును ఎంచుకోవడానికి మూడే ప్రశ్నలు: వంట వస్తదా, కూర తింటవా, మీది ఏ దిక్కు? కూర అంటే మాంసమని ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. విమానాశ్రయానికి కారు తీసుకొచ్చే సీనియర్ ముక్కూ మొహం తెలియనివాడే అయినా పార్కింగ్ దాటేలోపు అన్న అవుతాడు. సాంకేతికంగా ఈ నెట్‌వర్క్ బ్యాండ్‌విడ్త్ రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. సమాచారం ఇ-మెయిలులో పోతుంది, సకినాలు మాత్రం మనిషి మోయాలి. ఎవరు ఎప్పుడు ఊరికి పోయి ఎప్పుడు తిరిగొస్తారన్నది గ్రూపులో అందరికీ తెలుస్తుంది. తిరుగు ప్రయాణానికి వారం ముందు ఆ మనిషి ఇంటి అరుగు మీద పచ్చళ్ల డబ్బాలు, చింతపండు పొట్లాలు, ఎవరిదో కంటి అద్దాల జత వచ్చి చేరతాయి. పరిచయస్తుడు ఎంత దగ్గరివాడో అతడు మోయడానికి ఒప్పుకున్న కిలోలను బట్టి చెప్పవచ్చు.

ఈ విషయం మీద శాస్త్రం లేకపోలేదు. అమెరికా సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లో బలహీన బంధాల బలం గురించి ఒక వ్యాసం అచ్చువేశాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిని, ఆ పరిచయస్తుణ్ణి ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా అన్నవారు 16.7 శాతం, అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, ఎప్పుడో గాని కాదు అన్నవారు 27.8 శాతం. ప్రాణస్నేహితుడికి తెలిసిన ఖాళీలు ఎలాగూ మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు దూరపువాడి దగ్గరే ఉంటుంది. సిద్ధాంతం గట్టిదే గానీ వరంగల్ మనిషి విషయంలో ఒక సవరణ అవసరం. అతడి చేతిలో బలహీన బంధం బలహీనంగా నిలవదు. ఒక ఆదివారం పూట ఇండియన్ స్టోరులో సొరకాయ ఏరుతూ పలకరించుకున్న ఇద్దరు బిల్లు కట్టేలోపు ఒకరి మేనత్త మరొకరి పెదనాన్న తోడల్లుడి వీధిలోనే ఉంటుందని తేల్చుకుంటారు. బంధం బలపడింది, కొత్త కబురు ఆగిపోయింది. ఇద్దరికీ తెలిసిన ఖాళీలు మళ్లీ అవే. 14,000 కిలోమీటర్లు ప్రయాణించిన ఇంజినీరు చివరికి ఆరెపల్లివాణ్ణో మట్టెవాడవాణ్ణో కలుసుకుని, దాన్ని అంతర్జాతీయ పరిచయంగా నమోదు చేసుకుంటాడు. ఇందులో అంతర్జాతీయమైనది టైమ్ జోన్ ఒక్కటే.

రెఫరల్ అడిగే సందేశానికి స్థిరమైన ఛందస్సు ఉంది. "అన్నా, బాగున్నవా? మీది హన్మకొండ అట గద. మా పెద్దమ్మోళ్ల ఇల్లు గాడనే. రెజ్యూమే పంపిన, జర చూడరాదె." మొదటి ముక్క కుశలం, రెండోది పరిశోధన, మూడోది చుట్టరికం, నాలుగోది అసలు విషయం. చాలా కంపెనీల్లో రెఫర్ చేసినవారికి బోనసు ఉంటుంది కాబట్టి అన్న కూడా పూర్తిగా నిష్కాముడు కాడు. రెజ్యూమే విషయంలో కన్సల్టెన్సీల దయ ఎక్కువ. 24 ఏళ్లవాడికి ఎనిమిదేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి మార్కెటింగుకు వదలడం వాటిలో కొన్నింటి వృత్తిరహస్యం. లెక్క ప్రకారం తొలి ఉద్యోగంలో చేరిన రోజున అతడు ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ పరీక్ష రాస్తున్నాడు. ఇంటర్వ్యూలో ఆ ఎనిమిదేళ్ల అనుభవం నిజంగా ఉన్న ఇంకో అన్న పెదాలు కదలకుండా జవాబులు అందిస్తాడు. పరిచయాల విలువ ఇక్కడే తేలుతుంది.

పరిచయాలను నలుగురికీ చూపించుకునే చోటు లింక్డ్‌ఇన్. 2003లో మొదలైంది. 500 దాటాక ఎన్ని ఉన్నా 500 పక్కన కూడిక గుర్తే కనబడుతుంది కాబట్టి 501వ మనిషి తర్వాత వచ్చేవారంతా కంటికి ఆనరు. పరిమితి 30,000. ఖిలా వరంగల్ నడిబొడ్డున దీనికి సరిపోయే నమూనా రాతిలోనే ఉంది. స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు నిలిపారు. గుడి కూలి చెల్లాచెదురైంది, తోరణాలు చెక్కుచెదరలేదు. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది కూడా తోరణమే. ప్రొఫైలు నిర్మాణమూ ఇదే పద్ధతిలో సాగుతుంది. ముందు వాకిలి అద్భుతంగా ఉంటుంది, లోపలికి అడుగుపెట్టినవారు నేరుగా అవతలి వైపు తేలతారు. కొత్త ఉద్యోగం వచ్చినప్పుడు ఎంతో వినమ్రతతో ప్రకటిస్తున్నానని రాయడం అక్కడి ఆచారం. వినయాన్ని ఇంత గట్టిగా చాటింపు వేసిన జాతి చరిత్రలో మరొకటి కనబడదు. ఉద్యోగం పోయినప్పుడు ఫోటో చుట్టూ పచ్చ వలయం వస్తుంది. అభినందించిన 700 మందిలో ఆ వారం ఫోను ఎత్తేది మొదటి రూమ్మేటు.

ఏకశిలానగరమనే వరంగల్లుకు మూడు ప్రాకారాలున్నట్టే అమెరికా ఉద్యోగానికీ మూడున్నాయి. మొదటిది ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, 12 నెలలు. సైన్సు, ఇంజినీరింగ్ వంటి స్టెమ్ పట్టా ఉంటే ఇంకో 24. రెండోది హెచ్-1బి, ఏడాదికి 65,000, అక్కడి మాస్టర్స్‌కు మరో 20,000. పేర్లు అంతకు మించి వస్తాయి కనుక ఎంపిక లాటరీ. ఉలుగ్ ఖాన్‌కు కోట పట్టడానికి రెండు దండయాత్రలు సరిపోయాయి, స్టెమ్ కుర్రాడికి మూడు లాటరీల దాకా అవకాశం ఉంది. 2023 మార్చిలో 7,80,884 పేర్లు నమోదయ్యాయి. వాటిలో సగానికి పైగా, ఒకే మనిషి కోసం ఒకటికి మించిన కంపెనీలు వేసినవి. నెట్‌వర్క్ అంత విశాలమైనది మరి. మరుసటి ఏడాది పాస్‌పోర్టు నంబరు చూసి మనిషిని ఒక్కసారే లెక్కపెట్టడం మొదలెట్టగానే నమోదులు ఐదు లక్షల లోపుకు పడ్డాయి. మూడోది గ్రీన్‌కార్డు. ఉద్యోగాల కోటా ఏడాదికి సుమారు 1,40,000, ఒక్కో దేశానికి ఏడు శాతమే. భారతీయుల వరుస ఎంత పొడుగుందంటే, అందులో నిలబడ్డవారి పిల్లలు పెద్దవాళ్లై వేరే వరుస వెతుక్కుంటున్నారు. ఈ ప్రాకారం ముందు పరిచయాలేవీ పనిచేయవు. ఇక్కడ పనిచేసేది చిలుకూరు బాలాజీ ఒక్కడేనని ఒక బలమైన నమ్మకం. మొక్కుకు 11 ప్రదక్షిణలు, తీరాక 108.

డాలర్లు ఊరికి చేరాక జరగాల్సిన మొదటి పని ఇంటిమీద అంతస్తు వేయడం. ఖిలా వరంగల్‌లో అది కుదరదు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టుబడి నిషేధం, ఆపై ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి అని 2010 చట్టం. కోటలోపల ఊరు, ఊరినిండా కోట. మరమ్మతు చేసుకోవాలన్నా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. వాషింగ్టన్‌లో ఆరు నెలలకు కదిలే ఫైలును కొడుకు చూసుకుంటుంటే, అదే వేగంతో కదిలే ఇంకో ఫైలును తండ్రి ఇక్కడ చూసుకుంటాడు. డబ్బు మాత్రం హన్మకొండ అపార్ట్‌మెంట్ల వైపు వెళ్లిపోతుంది.

నెట్‌వర్క్ పరిపక్వ దశకు పౌరసత్వం గుర్తు. దాన్ని పొందినవాడు డిసెంబరు సెలవుల్లో భార్యాపిల్లలతో వచ్చి, తాను చిన్నప్పుడు గోలీలాడిన తోరణాల దగ్గర ప్రొఫైలు ఫోటో దిగుతాడు. అక్కడ పురావస్తు శాఖ టిక్కెట్ కౌంటరు ఉంది. భారతీయుల ధర ఒకటి, విదేశీయుల ధర దానికి పది రెట్లకు మించి. ఓసీఐ కార్డు చూపితే భారతీయుల ధరే, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. కార్డు హోటల్ గదిలో మరిచినవాడికి మాత్రం నీలం పాస్‌పోర్టు చెప్పే ధరే దిక్కు. అతడు ఐఫోన్ జేబులో పెట్టుకుని, చల్లద్దాలు నెత్తి మీదికి నెట్టి, కౌంటరు కంతలోకి వంగి, "అన్నా, మాది గీ ఊరే" అంటాడు. లోపలివాడు తలెత్తకుండానే ఏ వాడ అని అడుగుతాడు.