నా మీద ఆనిన మోచేతులు

మనిషికి తన పని నచ్చుతోందో లేదో ముఖం చూసి చెప్పడం కష్టం. నాకు మోచేతులు చాలు. పని నచ్చినవాళ్ల మోచేతులు నా మీద తేలిగ్గా ఆనుతాయి, కాగితం వెంట జరుగుతూ ఉంటాయి. పనితో విసిగినవాళ్లు ఒంటి బరువంతా వాటి మీదే వేసి, గడ్డం అరచేతిలో పెట్టుకుని కూర్చుంటారు. రాసేటప్పుడు కలం ఎంత గట్టిగా గుచ్చుతారంటే, ఆ గీత కాగితం దాటి నాలోకి దిగుతుంది. నేను టేకు బల్లను. జఫర్‌గఢ్‌లో ఒక సర్కారు దఫ్తరులో ఉంటాను. అదే మనిషి, అదే జీతం, అవే ఫైళ్లు. గది మారితే మాత్రం మోచేతులు మారిపోతాయి. ఆ మార్పునే ఇన్నేళ్లుగా చూస్తున్నాను, దాని గురించే చెప్పాలనుకుంటున్నాను.

నా చెట్టు మహదేవపూర్ అడవుల్లో, గోదావరికి దగ్గరగా పెరిగింది. ఇప్పుడది భూపాలపల్లి జిల్లా. దూలంగా ఎడ్లబండి ఎక్కి ఇటువైపు వచ్చాక, వడ్లాయన బాడిశతో చెక్కి, చిత్రిక పట్టి నన్ను బల్లను చేశాడు. రెండు సొరుగులు, లావాటి కాళ్లు. ముందు వైపు కాళ్లను మూసే పలక మాత్రం పెట్టలేదు. అది లేకపోవడం వల్ల ఎంత మేలు జరిగిందో ముందు ముందు చెబుతాను. నన్ను చేయించింది ఖాస్రా పహాణీ రాయడానికి. 1954-55లో అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు ఎవరు, కాస్తు చేస్తున్నది ఎవరు, విస్తీర్ణం ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు అని రాసిన రికార్డు అది. ఈ రోజుకీ భూమి తగాదా వస్తే వకీళ్లు ముందు అడిగే కాగితం అదే. అంత రాతపని చాప మీద కూర్చుని చేస్తే నడుము నిలవదని పట్వారీ నన్ను చేయించుకున్నాడు.

ఈ జఫర్‌గఢ్‌లోనే ఆయనది భవంతి ఇల్లు. మందపాటి మట్టిగోడలు, పైన గూనపెంకలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ వసారా. నన్ను దక్షిణపు వసారాలో, ఉత్తరం వైపు చూసేటట్టు వేశారు. అక్కడికి ఎండ రాదు, వెలుగు మాత్రం పొద్దుగూకేదాకా తగ్గదు. రాత్రి చల్లదనాన్ని మట్టిగోడ దాచుకుని మధ్యాహ్నం దాకా మెల్లగా వదిలేది. వాకిట్లోంచి వేడిగాలి పైకి పోతుంటే దర్వాజలోంచి కొత్తగాలి లోపలికి వచ్చేది. మే నెలలో కూడా పట్వారీ చెమట చుక్క పహాణీ మీద పడనివ్వకుండా రాసేవాడు. అంకె అంకెకూ మధ్య కూనిరాగం తీసేవాడు. అంత తీరికగా రాసిన చేతులు తర్వాత నాకు చాలా కాలం దొరకలేదు.

అయితే ఆ చల్లదనం ఆయన ఒక్కడిదే. రైతులు చెప్పులు చేతబట్టుకుని దర్వాజ బయట ఎండలో నిలబడేవాళ్లు. పక్కనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమి పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి అప్పటికి దాదాపు పదేళ్లు. 1946 జూలై 4న కడవెండిలో దొరలకు ఎదురు తిరిగిన దొడ్డి కొమురయ్య ప్రాణం పోయిన నేల కూడా ఈ చుట్టుపక్కలదే. ఇంత జరిగాక కూడా, ఎవరి పొలం గురించి నా మీద రాస్తున్నారో ఆ మనిషికి నా దగ్గర జాగ లేదు. భవంతి కట్టడం తెలివి గొప్పదే, కానీ ఆ నీడలో సగమైనా బయట నిలబడినవాళ్లకు దక్కాల్సింది.

1984 జనవరిలో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. రికార్డుల బస్తాలు, నక్షాలు సర్కారు చేతికి వెళ్లాయి, వాటితో నేనూ వెళ్లాను. మరుసటి ఏడు మే నెలలో మండలాలు పుట్టాయి. రాష్ట్రమంతటా ఒక్కసారిగా వెయ్యికి పైగా కొత్త దఫ్తర్లు కావాల్సి వస్తే కట్టిన భవనాలు ఎక్కడివి? దొరికిన అద్దె ఇంటికల్లా బోర్డు పెట్టారు. నన్ను పట్టుకెళ్లింది వేరే ఊళ్లో, అంతకుముందు ఎరువుల బస్తాలు దించుకున్న గదికి. కిటికీ లేదు. తల కన్నా పైన చిన్న వెంటిలేటరు. పైన ఆర్‌సీసీ స్లాబు, పడమటి గోడకు ఏ నీడా లేదు. పొద్దంతా ఎండ తాగిన స్లాబు పొద్దుగూకే వేళకు ఆ వేడినంతా మా మీదికి దించేది. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరేవి, ఆపితే చెమట కారేది. గుమస్తాలు రాళ్లు ఏరుకొచ్చి నా మీద పెట్టుకున్నారు.

అక్కడ నా ముందు కూర్చున్న కుర్రవాడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. మొదటి నెలలో అతని రాత గుండ్రంగా ఉండేది. గోడ వైపు తిరిగి కూర్చునేవాడు, జనం వెనక నుంచి వచ్చి భుజం మీదుగా తొంగి చూసేవాళ్లు. ఎవరు ఎప్పుడు వస్తారో తెలియని మనిషి మెడ ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. కొన్నాళ్లకు గుమ్మానికి అడ్డంగా జాలీ బిగించి, అందులో చెయ్యి పట్టేంత సందు పెట్టారు. అప్పటి నుంచి జనమంతా ఆ జాలీ మీదికే ఎగబడ్డారు. ఉన్న ఒక్క గుమ్మాన్నీ ఒళ్లు మూసేసేసరికి వెలుగూ గాలీ రెండూ ఆగిపోయాయి. కుర్రవాడు అరిచేవాడు, బయటివాళ్లు అంతకన్నా గట్టిగా అరిచేవాళ్లు. అతడు చెడ్డవాడు కాదు. సాయంత్రం అందరూ పోయాక, తాను కసిరిన ముసలామె అర్జీ వెతికి తీసి, పూర్తి చేసి వెళ్లేవాడు. ఆ గది అతనిలోని మంచితనాన్ని పగలు బయటికి రానిచ్చేది కాదు.

అదే దఫ్తరులో ఆడమనిషి ఒకామె పనిచేసేది. మరుగుదొడ్డి లేదు. పొద్దున ఇంటి నుంచి బయల్దేరాక సాయంత్రం దాకా ఆమె నీళ్లు తాగేది కాదు. మధ్యాహ్నానికి తలనొప్పితో నుదురు నా మీద ఆనించేది. కట్టడాల అందం గురించి పెద్ద పుస్తకాలు ఉంటాయట. నన్నడిగితే ఆ నుదురు దగ్గర మొదలుపెట్టాలి. పనిచేసే మనిషి దాహమేస్తే భయం లేకుండా నీళ్లు తాగగలగాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

జఫర్‌గఢ్‌కు తిరిగి రావడం నా అదృష్టం. వేల్పుగొండ అని పాత పేరున్న ఊరు ఇది, కొండ మీద రాతి కోట గోడలు ఉన్నాయి. ఇక్కడి గదికి తూర్పున కిటికీ ఉంది. కానీ దానికి అడ్డంగా ఇనప బీరువా పెట్టి, నన్ను మళ్లీ గోడకే చేర్చారు. కొన్నేళ్లు అట్లాగే గడిచాయి. తర్వాత ఒక మేడం బదిలీ మీద వచ్చింది. వచ్చిన వారంలోనే అటెండర్‌ను పిలిచింది.

“కాకా, ఆ బీరువా ఎందుకు అక్కడ?”

“ఎప్పటి సందో గాడనే ఉన్నది మేడం.”

“లోపలి గోడకు పెట్టించు. బల్లను కిటికీ పక్కకు జరుపుదాం. దర్వాజ కనపడాలె, వీపు గోడకుండాలె.”

నలుగురు పట్టి నన్ను జరిపారు. కిటికీ నుంచి వెలుగు, ఎదురుగా వచ్చేవాళ్ల ముఖం, కళ్లెత్తితే వేపచెట్టు, దాని వెనక కొండ. ఆ వారంలోనే మోచేతులు మారాయి. గుమస్తా పని మధ్యలో తలెత్తి చెట్టు వైపు చూసేవాడు, మళ్లీ కాగితంలోకి వచ్చేవాడు. ఆ చూపులో గడిచిన కాలాన్ని పని ఎగ్గొట్టడంగా లెక్కవేసే అధికారులను చాలామందిని చూశాను. వాళ్ల లెక్క తప్పు. అలా తలెత్తి చూసినవాళ్లు రాసిన నకళ్లలో కొట్టివేతలు తక్కువ.

మేడం చేసిన రెండో పని ఇంకా పెద్దది. వరండాలో బెంచీలు వేయించి, తాగేనీళ్లు పెట్టించి, వచ్చినవాళ్లకు వరస నంబరు రాసిన చీటీలు ఇప్పించింది. తన వంతు ఎప్పుడొస్తుందో తెలిసిన రైతు గుమ్మంలో నిలబడడు. గుమ్మం ఖాళీ అయ్యేసరికి కిటికీ నుంచి వచ్చిన గాలి అందులోంచి బయటికి పోవడం మొదలైంది. బెంచీలు వేసింది జనం కోసమే, దాంతో గది చల్లబడింది, గుమస్తా గొంతు తగ్గింది. ముందు పలక లేదని చెప్పాను కదా. మేడం నా ఎదుట కుర్చీ వేయించాక రైతు దగ్గరికి జరిగి, మోకాళ్లు నా కిందికి చేర్చి, నక్షా మీదికి వంగి తన గట్టు ఎక్కడుందో వేలితో చూపించేవాడు. అటు నుంచి ఒక తల, ఇటు నుంచి ఒక తల. పట్వారీ కాలంలో దర్వాజ బయట ఆగిపోయిన మనిషి నా దాకా రావడానికి అంతకాలం పట్టింది. పని తృప్తినివ్వడమంటే ఏమిటో ఆ గుమస్తా కలం బరువులో నాకు తెలిసింది. తాను రాసేది ఎవరి కోసమో ఎదురుగా కనిపిస్తున్నప్పుడు మనిషి వేరేలా రాస్తాడు.

ఆ గుమస్తా కూతురు హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివింది. సెలవుల్లో ఒకరోజు తండ్రికి అన్నం డబ్బా తెచ్చి, నా పక్కనే చాలాసేపు కూర్చుంది. కిటికీ ఎత్తు కొలిచింది, గోడ మీద చెయ్యి పెట్టి వేడి చూసింది. ఆమె చెప్పిన సంగతులు నాకు బాగా గుర్తు. రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేసి, 1984లో ఫలితాలు ప్రచురించాడట. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లకన్నా ముందే ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పిమందులు తక్కువ వాడారు. మా బస్తాలు కదిలిన ఏడాదే అక్కడ ఆ మాట అచ్చయింది.

“చెట్టు సరే బిడ్డా, ఎండాకాలం సంగతేంది? ఏసీ పెట్టాలంటరు కదా,” అన్నాడు తండ్రి.

దానికామె ఆర్కిటెక్టు, పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి పని గురించి చెప్పింది. చెన్నై, హైదరాబాద్ నగరాల్లో 28 ఆఫీసు భవనాలు తిరిగి, 2,787 మందిని వాళ్ల కుర్చీల దగ్గరే అడిగి, 2014లో ఫలితాలు ప్రచురించారు. కిటికీలూ ఫ్యాన్లతో నడిచే చోట మనుషులకు హాయిగా అనిపించిన ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, ఏసీ నడుస్తున్నప్పుడు 26.4. మరి నగరంలో ఎన్నో ఆఫీసులు ఏసీని అంతకన్నా ఎంతో కిందికి దించి, మే నెలలో మనుషుల చేత స్వెట్టర్లు వేయిస్తున్నాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి మాదాపూర్ వైపు లేచిన అద్దాల మేడల్లో మన పల్లెల పిల్లలు ఎంతమందో పనిచేస్తున్నారు. జీతం బాగుంటుంది, కుర్చీ మెత్తగా ఉంటుంది, కిటికీ రెక్క మాత్రం వాళ్ల చేతిలో ఉండదు. ఈ చిన్న గదిలో ఉక్కపోస్తే మా గుమస్తా లేచి రెక్క తీస్తాడు, ఎండ పడితే ఓరగా వేస్తాడు. ఆ అధికారం ఉన్నందుకే నాలుగు డిగ్రీలు ఎక్కువైనా ఓర్చుకుంటాడని నేను నమ్ముతాను.

నగరంలోనే ఇంకోరకం భవనమూ ఉందని ఆమె చెప్పింది. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. రూపకర్త కరణ్ గ్రోవర్. హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు అమెరికా బయట మొట్టమొదట దక్కింది దానికే. లోపల వాకిళ్లు, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి గదుల్లోకి పంపే బురుజులు, కప్పు మీద పచ్చిక. పగటిపూట లైటు వేయకుండానే చాలాచోట్ల పని సాగుతుందట. ఫోన్‌లో బొమ్మ చూపిస్తూ, “నాయినా, ఇది మన భవంతి ఇల్లు లెక్కనే ఉన్నది కదా!” అంది. ఆ మాటకు నేను పొంగిపోయాను. దక్షిణపు వసారా, ఉత్తరం వెలుగు నాకు ఆ క్షణంలో మళ్లీ తగిలాయి. ఈసారి ఆ నీడ పట్వారీ ఒక్కడిది కాదు, అందులో పనిచేసే అందరిదీ.

2016 అక్టోబరులో మా మండలం వరంగల్ నుంచి జనగామ జిల్లాలోకి వచ్చింది. 2022 ఫిబ్రవరి 11న జనగామలో సమీకృత కలెక్టరేట్ తెరిచారు. ఒక సంతకం కోసం ఊళ్లో నాలుగు మూలలా తిరగాల్సిన పని ఒక్క ప్రాంగణంలోకి చేరింది. అటెండర్ కాకా వెళ్లొచ్చి, గదులు ఎంత విశాలంగా ఉన్నాయో సంబరంగా చెప్పాడు. ఇక్కడ నా మీద 2020లో భూముల రిజిస్ట్రేషన్లకు ధరణి పోర్టల్ మొదలైనప్పటి నుంచి కంప్యూటరు, కెమెరా, వేలిముద్రల యంత్రం చేరాయి. వైర్ల కోసం నాకు రంధ్రం చేశారు, నొప్పి లేదు. ఇబ్బంది ఇంకోచోట వచ్చింది. కిటికీ వెలుగు స్క్రీన్ మీద పడి అక్షరాలు కనిపించలేదు. పరదా వేశారు, ట్యూబులైటు వెలిగించారు, కొండ మాయమైంది. ఆపరేటర్ అమ్మాయి నాలుగు రోజులు కళ్లు నులుముకుని, ఐదో రోజు నన్ను అడ్డంగా తిప్పించింది. ఇప్పుడు కిటికీ ఆమెకు ఎదురుగానూ లేదు, వెనకగానూ లేదు, ఎడమ పక్కనుంది. పరదా తీసేశారు.

ఈమధ్య ఇంజనీరు సారు వచ్చి కొత్త భవనం ప్లాను నా మీద పరిచాడు. కాగితం నలుమూలలా నేను ఆయన వేళ్ల బరువు మోశాను. ముందు పెద్ద పోర్టికో, పడమటి ముఖాన అద్దాలు, వరండా మూడు అడుగులు. ఊడ్చే అవ్వ చీపురు పక్కన పెట్టి వచ్చి చూసింది.

“సారూ, రైతులు కూసునే జాగ ఏది ఇండ్ల?”

సారు వరండా చూపించాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. “గండ్ల మనిషి కూసుంటే ఇంకో మనిషి పోనీకి రాదు. పడమటి ఎండ మొకం మీదనే కొడ్తది. ఆడోళ్ల దొడ్డి గా ఎనక మూలకెందుకు, చీకటిపడితే ఎట్ల పోతరు?”

బడ్జెట్ ఇంతేనన్నాడాయన. పోర్టికో తగ్గిస్తే వరండా ఎనిమిది అడుగులు వస్తుందేమో చూడమంది ఆపరేటర్ అమ్మాయి. అద్దాలు ఉత్తరానికి మారిస్తే ఎట్లుంటుందని గుమస్తా అడిగాడు. సారు కాసేపు ఏమీ అనలేదు, తర్వాత పెన్సిలు తీసి పోర్టికో మీద గీత పెట్టాడు. మళ్లీ వారం వస్తానన్నాడు. ఆ కాగితం నా కింది సొరుగులో ఉంది, గుమస్తా దాని మీద కిటికీ గట్టు ఎత్తు కూడా రాసి పెట్టాడు: కూర్చున్న మనిషికి వేపచెట్టు కనిపించేటట్టు, నేల నుంచి రెండున్నర అడుగులు.