చిన్న గదికి చిన్న కుంపటి

మా రోజుల్లో, పాడేరు మన్యంలో, కార్తీకం దాటిందంటే మా ఇంట్లో కుంపట్లు దిగేవి. చావడికి పెద్దది, బాలింత గదికి చిన్నది. మా నాయనమ్మ పెరట్లోనే బొగ్గులు రాజేసి, విసనకర్రతో విసురుతూ, పొగ పూర్తిగా పోయి నిప్పుల మీద తెల్లటి బూడిద పొర కట్టేదాకా గడప దాటనిచ్చేది కాదు. పడుకోబోయే ముందు మళ్లీ బయట పెట్టాల్సిందే. పైన పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉండేది.

ఇప్పుడో? లంబసింగి మంచు చూడ్డానికి జనం ఎగబడుతున్నారని ఎక్కడపడితే అక్కడ గదులు లేపారు. పైన స్లాబు, కిటికీలకు బిగుతైన అద్దాలు. మొన్న ఒక గదిలోకి వెళ్తే, చలిగాలి రాకుండా వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టేశారు! ఆ పదీ పన్నెండు అడుగుల గదిలో మూడు పలకల గ్యాస్ హీటరు, మూడూ భగభగా మండుతున్నాయి. అంటే 4.2 కిలోవాట్లు. బయట 5 డిగ్రీలున్నా అంత గదికి ఒకటిన్నర, మహా అయితే రెండు చాలు. రేకుల కప్పయితే ఇంకాస్త.

"పెద్దదైతే తొందరగా వెచ్చబడుతుంది కదా తాతా" అంటారు కుర్రాళ్లు. వెచ్చబడుతుంది. దాంతోపాటు గదిలో గాలీ చెడుతుంది. మూడు పలకలూ వెలిగితే గంటకు 300 గ్రాముల గ్యాసు హారతి. కిలో గ్యాసు కాలితే కిలోన్నర నీళ్లు ఆవిరై గదిలోనే తిరుగుతాయి. తెల్లారేసరికి గోడలు చెమ్మగిల్లి, దుప్పట్లు ముక్క వాసన. అసలు భయం అది కాదు. గాలి చాలక మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. తలనొప్పి వస్తే చలికే అనుకుని ముసుగు తన్ని పడుకుంటారు. ఆ నిద్రలోనే ప్రాణాలు పోతాయి.

కొట్టువాడు "ఎంతలో కావాలి?" అని అడుగుతాడే గానీ, గది పొడవెంత, ఎత్తెంత, గాలి ఎటునుంచి వస్తుందని ఒక్కడూ అడగడు. కొనేవాళ్లకైనా పట్టొద్దూ? గదిలో ప్రాణవాయువు తగ్గితే తనంతట తానే ఆరిపోయే ఏర్పాటున్న హీటరే కొనండి. కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి, పడుకునేటప్పుడు ఆర్పేయండి. గదులు అద్దెకిచ్చే బాబులూ, ముందు ఆ అట్టముక్కలు పీకేయండి.