గంబో పెద్దమనిషి

లూసియానా దక్షిణాన, లఫాయెట్ చుట్టుపక్కల ఏ వీధికెళ్ళినా ఒక గంబో పెద్దమనిషి తగులుతాడు. అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులని ఏ పనికైనా కుర్చీ అడుగుతాడు గానీ, గంబో వంటకి రూ అనే పిండిముద్ద కలిపేటప్పుడు మాత్రం ముప్పావుగంట నిలువుకాళ్ళ మీద ఉంటాడు.

ఎండాకాలం పోయి ఉత్తరగాలి తొలిసారి తగిలితే చాలు, ఆయన స్వెట్టర్ తొడిగి "గంబో రోజులొచ్చేశాయి" అని చాటింపు వేస్తాడు. చలి అంటే ఏమంత చలి! మన లెక్కన ఇరవై డిగ్రీలు. మధ్యాహ్నానికి మళ్ళీ ఉక్కపోస్తుంది. స్వెట్టర్ విప్పుతాడు గానీ పొయ్యి ఆర్పడు.

గంబో అన్నంలో పోసుకు తినే వంట. పులుసు కన్నా చిక్కన, కూర కన్నా పల్చన. దాని ప్రాణమంతా రూలో ఉంది. దళసరి ఇనప పాత్రలో నూనె, మైదా సమానంగా వేసి, సన్నటి మంట మీద గరిటె ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. తెల్లటి ముద్ద మెల్లగా గోధుమరంగుకు, తర్వాత రాగిరంగుకు, చివరికి చాక్లెట్ రంగుకు దిగుతుంది. పచ్చిపిండి వాసన పోయి వేయించిన గింజల వాసన వస్తుంది. నల్లచుక్కలు తేలాయా, మాడినట్టే. మొత్తం పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి. అది చెయ్యి మీద చిందితే అంటుకుని కాలుస్తుంది గనక దానికి అక్కడి ఫ్రెంచి సంతతి కేజన్లు 'కేజన్ నాపామ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. ముంజేతి మీద మచ్చను పెద్దమనిషి యుద్ధంలో తగిలిన గాయంలా చూపిస్తాడు.

ఆ ముప్పావుగంటలో ఫోన్ మోగినా ఎత్తడు. పెరట్లో మనవడు పడి గొల్లుమన్నా అంతే. "ఏడుపు వినపడుతోందిగా షా, అంటే బాగానే ఉన్నాడు" అంటాడు తల తిప్పకుండా. 'షా' అంటే అక్కడివాళ్ళ ముద్దుపిలుపు. రంగు కుదరగానే ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికం ముక్కలు ఒక్కసారిగా పాత్రలో పడతాయి. రూ అక్కడితో మాడకుండా ఆగుతుంది. ఆ మూడింటినీ అక్కడివాళ్ళు పవిత్ర త్రయం అంటారు. పెద్దమనిషి చర్చిలో కునుకు తీస్తాడేమో గానీ, ఈ త్రయం దగ్గర మాత్రం రెప్ప వెయ్యడు.

ఇక నిషేధాలు. అందులో మొదటిది టమాటా. అది న్యూ ఆర్లీన్స్ క్రియోల్ వాళ్ళ అలవాటనీ, పల్లెటూరి కేజన్ గంబోలో దానికి చోటు లేదనీ ఆయన తీర్మానం. కర్మ కొద్దీ ఇల్లాలిది న్యూ ఆర్లీన్స్. పెళ్ళయి ఇన్నేళ్ళయినా టమాటా డబ్బా మూత తెరుచుకున్న చప్పుడైతే ఆయన ఏ గదిలో ఉన్నా వినపడుతుంది.

వాదన ముదిరితే చరిత్ర దిగుతుంది. 1755లో బ్రిటిష్ వాళ్ళు కేజన్ల పూర్వీకులైన అకేడియన్లను నోవా స్కోషియా నుంచి వెళ్ళగొట్టారు. ఆయన చెబుతుంటే అదేదో మొన్న మంగళవారం జరిగినట్టుంటుంది. అయితే ఆయన గంబోలో రూ ఫ్రెంచివాళ్ళది. బెండకాయ బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల చేతి చలవ. చిక్కదనానికి చల్లే ఫీలే, అంటే ఎండిన సాసఫ్రాస్ ఆకు పొడి, చాక్టా ఆదివాసులు నేర్పింది. ఇంతమంది చేతులు పడ్డ కుండలో ఇంకెవరూ వేలు పెట్టకూడదని ఆయన పట్టు! ఎవరైనా తెలుగు అతిథి బెండకాయ ఏదని అడిగితే, అది వేసవి గంబోలో వేసేదనీ, చలికాలానికి ఫీలే ఉందనీ ఓపిగ్గా పాఠం చెబుతాడు. రెండూ ఒకే కుండలో వేసేవాళ్ళ సంగతి ఎత్తితే మాత్రం ఆ ఓపిక ఉండదు.

2016లో ఓ పెద్ద కార్టూన్ సినిమాల కంపెనీ కేల్ ఆకూ కినోవా వేసి 'గంబో' వీడియో పెట్టింది. లూసియానా మొత్తం భగ్గుమంది, వాళ్ళు వీడియో తీసేశారు. అంతవరకూ కంప్యూటర్ ముట్టని మనిషి, ఆ వీడియో కింద తిట్లు రాయడం కోసం మనవరాలి దగ్గర టైపింగ్ నేర్చుకున్నాడు.

క్రియోల్ వంటని ఇంత ఈసడించినా, లేయా చేజ్ పేరెత్తితే మాత్రం టోపీ తీస్తాడు. న్యూ ఆర్లీన్స్ వంటల మహారాణి అనిపించుకున్న మనిషి ఆవిడ. తన గంబోలో బరాక్ ఒబామా హాట్ సాస్ కలిపితే మొహమాటం లేకుండా మందలించింది. ఆ కథ చెబుతూ పెద్దమనిషి తన గిన్నెలో హాట్ సాస్ ధారాళంగా పోసుకుంటాడు. ఆపైన పొగలు కక్కే గంబోలో ఫ్రిజ్‌లోంచి తీసిన బంగాళాదుంపల సలాడ్ ఒక ముద్ద వేస్తాడు. "అదేమిటి?" అని భార్య ఇప్పటికీ అడుగుతుంది. "సంప్రదాయం" అంటాడు.

ఎవరింటికైనా భోజనానికి వెళ్తే మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కాసేపు గోడకేసి చూస్తాడు. అందరూ చేతులాపి ఎదురుచూస్తారు. "సూప్ బావుంది" అంటాడు. గంబోని సూప్ అనడం కంటే తిట్టు ఆ ప్రాంతంలో లేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో భార్య దులిపేస్తుంది: "బావులేకపోతే రెండు గిన్నెలెందుకు తిన్నావు?"

"మూడోది అడగలేదుగా!"