ఎఫ్‌సీ తప్పిన కారుకు ముస్తాబు

కిరాయికి తిరిగే ప్రతి బండికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) ఉండాలని 1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ చెబుతుంది. 8 ఏళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా ఎఫ్‌సీ తప్పదు. సొంత కారుకు 15 ఏళ్లు నిండేదాకా ఈ బెడద లేదు. తనిఖీ చేసేది మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరే అయినా జనం నోట ఆయన బ్రేక్ ఇన్‌స్పెక్టరు. బ్రేకులొక్కటీ పడితే చాలునన్న ధీమా ఆ పేరులోంచే పుట్టి ఉండాలి.

కారు ఎఫ్‌సీ తప్పాక మొదటి పని అరువు. నిప్పులార్పే సిలిండరు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, గాలి ఉన్న స్టెప్నీ టాక్సీ స్టాండులో ఎవరో ఒకరి దగ్గర దొరుకుతాయి. పెట్టె మూత తెరిచి చూడరాదు. దూది ఉండాల్సిన చోట బీడీకట్ట కనబడితే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మొహమాటం.

హెడ్‌లైట్లది వేరే కథ. నకరికల్లు దాటాక గేదెను తప్పించబోయి గట్టుకు ఆనించిన కారుకు ఒక లైటు మాచర్లను చూస్తుంది, రెండోది గురజాలను. పల్నాటి యుద్ధం నాటి ఆ రెండు కొలువులకూ 12వ శతాబ్దంలోనే రాజీ కుదరలేదు. లైట్లకు మాత్రం వెనకున్న స్క్రూ తిప్పితే కుదురుతుంది. చీకటిపడ్డాక కారును గోడకెదురుగా 25 అడుగుల దూరాన నిలిపి, రెండు వెలుగులూ ఒకే ఎత్తున, బల్బుల కంటే కాస్త కిందికి పడేలా చూసుకుంటే సరి. ఇంత తేలిక గనకనే ఎవరూ చేయించరు.

హ్యాండ్‌బ్రేకు కేబుల్ సాగి, మీట ఎంత లాగినా కారు జారుతుంటే పాత మందు చక్రం కింద రాయి. నాపరాళ్ల పల్నాడులో దానికి కరువేముంది! చిక్కల్లా డిక్కీలోంచి రాయి దించే వేళకు ఇన్‌స్పెక్టరు అక్కడే నిలబడి ఉండటం. కేబుల్ నట్టు బిగించడం పది నిమిషాల పని. రాయి మోసింది మాత్రం ఏళ్ల తరబడి.

టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాడిలో అడ్డంగా ఉండే చిన్న రబ్బరు దిమ్మెలతో టైరు సమమైతే దాని ఆయుష్షు తీరినట్టే. అలాంటిదానికి నల్ల పాలిష్ పట్టించడం రివాజు. మెరుపొస్తుంది, పట్టు రాదు. హారన్, వైపర్ బ్లేడ్లు, నంబర్ ప్లేటు మీది బల్బు కొత్తవి కొనేయడమే చౌక. అందుకే అవి చివరిదాకా వాయిదా పడతాయి.

ఎఫ్‌సీ ఇచ్చే ఫారం 38 చేతికొచ్చాక సామాను తిరిగిచ్చే వరస తప్పకూడదు. సిలిండరు ముందు వెళ్లాలి, ఇచ్చినవాడి బండికి మర్నాడే ఎఫ్‌సీ. స్టెప్నీ సాయంత్రానికి ఇచ్చినా ఫర్వాలేదు. రాయి ఎవరికీ ఇవ్వనక్కర్లేదు, డిక్కీలో దాని చోటు దానికుంది.